విప్పని నీలం మూట

మాస్టారు పోయారని నాకు గురువారం ఉదయం ఆఫీసు కార్ పార్కులో తెలిసింది. వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది. నాన్న తెల్లవారుజామున వెళ్ళిపోయారని, పెద్దగా బాధ పడలేదని రాసింది. ఆయన పుస్తకం చదివింది మీరొక్కరే కాబట్టి సోమవారం ఫ్యూనరల్‌లో దాని గురించి రెండు మాటలు చెప్పగలరా అని అడిగింది. నిజం చెప్పాలంటే, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. ఆ పుస్తకం నేను చదవలేదు. చదివానని మాస్టారికి చెప్పానంతే.

ఇది ఒక మంచి మనిషిని తలుచుకోవడానికి రాస్తున్నదే. కానీ ఆయన మంచితనం గురించి చెప్పాలంటే నా సంగతి బయట పెట్టక తప్పదు. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

ఇక్కడ న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ భూకంపం వచ్చిన ఏడాది మేం హామిల్టన్‌లో, రోటోటూనాలో ఇల్లు కొనుక్కున్నాం. మీలో అటువైపు ఉండేవాళ్ళు మాస్టారిని చూసే ఉంటారు. చేతులు వెనక్కి కట్టుకుని, పొగమంచులో కూడా టంచనుగా ఏడింటికి నడకకి వెళ్ళే సన్నటి చైనా పెద్దాయన. మా పక్కిల్లే. చైనాలో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులుగా చేసి రిటైరై, కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నారు. నెమ్మదిగా మాట్లాడేవారు గానీ ఒక్క మాట కూడా తప్పుగా వాడేవారు కాదు. మా ఆవిడ ఆయన్ని అంకుల్ అనేది. నాకెందుకో మొదటిరోజే మాస్టారూ అని నోట్లోంచి వచ్చేసింది. ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుని, అప్పట్నుంచీ ఆ పిలుపుకే పలికేవారు.

మా పరిచయం రీసైక్లింగ్ బండి వచ్చే రోజున జరిగింది. పాత కాగితాల డబ్బా రోడ్డు పక్కన పెడుతుంటే గాలికి ఒక కాగితం ఎగిరి నా కాలికింద పడింది. మనకి చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే కదా, వంగి దాన్ని తీసి కళ్ళకద్దుకున్నాను. అదేదో పిజ్జా కొట్టువాడి ప్రకటన. అద్దుకుని మళ్ళీ డబ్బాలోనే పడేశాను. అది కంచె అవతలనుంచి ఆయన చూశారు. దగ్గరికి వచ్చి, ఇప్పుడు మీరు చేసిందేమిటని అడిగారు. నేను కాస్త గర్వంగానే చెప్పాను: అక్షరం అంటే మాకు సరస్వతి, కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం అని. ఆయన ముఖం వెలిగిపోయింది. మా ఊళ్ళో కన్ఫ్యూషియస్ గుడి ఉండేది, రాసిన కాగితాన్ని అక్కడ చెత్తలో వేసేవారు కాదు, దాన్ని కాల్చడానికి గుడి ఆవరణలో ఒక చిన్న ఇటుకల పొయ్యి ఉండేది, బూడిదని కూడా ఏట్లో కలిపేవారు, అన్నారు. ఆయన ఇంట్లో రాసిన కాగితాలు అట్టపెట్టెల నిండా ఉండిపోవడానికి కారణం కూడా అదే. కూతురు సణిగేది. ఆయన నవ్వేవారు.

ఆ రోజునుంచి మాస్టారు నన్ను తన మనిషి అనుకున్నారు. అదంతా ఒక పిజ్జా కాగితం వల్ల వచ్చిన గౌరవం. నేను దాన్ని ఆరేళ్ళపాటు హాయిగా అనుభవించాను.

శనివారాలు కంచె దగ్గర నిలబడి ఆ గుడి కథ చెప్పేవారు. బియ్యం కడిగిన నీళ్ళు ఉల్లికాడలకి పోస్తూ, ఒక్క తొక్కగా వచ్చేలా కమలాపండు ఒలుస్తూ చెప్పేవారు. గుడి ముందు అర్ధచంద్రాకారంలో చెరువు, దాని మీద రాతి వంతెన. రాజుగారి కొలువు పరీక్షలో నెగ్గినవాడికే ఆ వంతెన దాటే హక్కు. లోపల విగ్రహం ఉండదు. పేర్లు చెక్కిన చెక్క పలకలు మాత్రమే ఉంటాయి. ఆ ప్రహరీలోనే పక్కన పెద్ద బడి. గుడికున్న పొలాల మీద వచ్చే ధాన్యంతో చుట్టుపక్కల ఊళ్ళ పేద పిల్లలు అక్కడే తిని చదువుకునేవారట. ఇవన్నీ నేను ఒక చెవితో వింటూ, రెండో చెవి లోపల మోగుతున్న ప్రెషర్ కుక్కర్ మీద పెట్టేవాణ్ణి.

ఒక మాట మాత్రం గుర్తుంది. ఆ బడిలో పంతుళ్ళు ఎర్రసిరాతో దిద్దేవారట. తప్పున్న చోట గీత. బాగున్న వాక్యం పక్కన చిన్న సున్న. మా బళ్ళో సున్న వస్తే వీపు చిట్లేది మాస్టారూ అంటే చాలాసేపు నవ్వారు. తర్వాత అన్నారు: "గీతలు ఎన్నున్నా పిల్లవాడు ఏడవడు. ఏ గుర్తూ లేకుండా కాగితం తిరిగొస్తే ఏడుస్తాడు. పంతులు చదవలేదని వాడికి తెలిసిపోతుంది."

ఒకరోజు ఆయన మా ఇంటి తలుపు తట్టి, నీలం గుడ్డలో చుట్టి దారంతో కట్టిన మూట ఒకటి రెండు చేతులతో అందించారు. ఆ గుడి చరిత్ర. ఇంగ్లీషులో, తన చేత్తో రాసింది, నాలుగేళ్ళు పట్టింది. వేరే ప్రతి లేదు. నేను ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఒంటిచేత్తో అందుకున్నాను. కూతురికి చదవమని ఇవ్వలేదట. ఎందుకని అడిగితే, సొంత బిడ్డ తండ్రి రాసినదాన్ని దిద్దకూడదు, జాలిపడి వదిలేస్తుంది, అన్నారు. మీరు అక్షరాన్ని కళ్ళకద్దుకునే మనిషి, మొహమాటం లేకుండా దిద్దండి, అన్నారు. తప్పకుండా మాస్టారూ, ఈ వీకెండ్ మొదలుపెడతాను అన్నాను.

ఆ వీకెండ్ ఎవరిదో గృహప్రవేశం. పైవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. మూట డైనింగ్ టేబుల్ మీదే ఉంటే మరకలు పడతాయని మా ఆవిడ తీసి దేవుడి అరలో పెట్టింది. దసరా వచ్చింది. ఆ రోజు పుస్తకాలు పూజలో పెట్టడం, పెట్టిన పుస్తకం తెరవకపోవడం మన ఇళ్ళలో మామూలే కదా. మూట మీద పసుపు, కుంకుమ, నాలుగు చామంతులు. అగరొత్తులు వెలిగించాం. నేను దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆ తర్వాత దాన్ని అక్కణ్ణుంచి దించలేదు. రోజూ స్నానం చేసి దీపం పెట్టేటప్పుడు కనబడేది. కనబడినప్పుడల్లా చదవాలి అనుకునేవాణ్ణి, చేతులు జోడించి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక పుస్తకానికి నేను చేసినంత మర్యాద ఎవరూ చేసి ఉండరు. చదవడం ఒక్కటే మిగిలింది.

మాస్టారు తొందరపెట్టలేదు. ఐదు నెలలు గడిచాక, ఒక సాయంత్రం కంచె దగ్గర, చదివారా అని మెల్లగా అడిగారు. ఇంకా లేదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఐదు నెలలయ్యాక ఆ మాట నోరు దాటదు. చదివాను అన్నాను. తప్పులేమైనా ఉన్నాయా అన్నారు.

"ఒక్కటీ లేదు మాస్టారూ. అద్భుతంగా రాశారు."

"ఒక్కటీ లేదా?"

"లేదండీ."

లోపలికి వెళ్ళి మూట తెచ్చిచ్చాను. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. ముడి మీద కుంకుమ అంటుకుని ఎండిపోయి ఉంది. దాన్ని వేలితో తాకి చూశారు. గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని, మంచి వాసన, అన్నారు. దేవుడి దగ్గర పెట్టామని చెప్పాను, అదేదో ఘనకార్యమైనట్టు. ఆయన తల ఊపి, మా గుడిలో కూడా ఆఖరికి అలాగే అయింది, మొక్కేవాళ్ళు పెరిగిన కొద్దీ చదివేవాళ్ళు తగ్గిపోయారు, అన్నారు. మాటలో కోపం లేదు. ఆయన గుడి గురించి చెప్తున్నారనుకున్నాను. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

పైవారం ఎప్పటిలాగే ఉల్లికాడలు తెచ్చి మా ఆవిడకి ఇచ్చారు. ఆవిడిచ్చిన గోంగూర పచ్చడి నూడుల్స్‌లో కలుపుకుని తింటున్నానని చెప్పారు. పుస్తకం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ చలికాలంలోనే జబ్బుపడ్డారు.

ఆ మెసేజ్ వచ్చిన రెండు రోజులకి, శనివారం పొద్దున, వాళ్ళింటికి వెళ్ళాను. మాట్లాడే ముందు పుస్తకం ఇంకోసారి తిరగేస్తానని వాళ్ళమ్మాయికి చెప్పాను. 'ఇంకోసారి' అన్న మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆవిడ నీలం మూట తెచ్చి నా చేతిలో పెట్టి, సోమవారం మర్చిపోకుండా తీసుకురమ్మంది. ఆయనతో పాటు పెట్టెలో పెట్టాలట. ప్రింట్ చేయిద్దాం నాన్నా అని ఆవిడ ఆసుపత్రిలో అడిగితే ఒప్పుకోలేదట.

"ఒకరు చదివారు కదా, చాలు అన్నారండి. రాసిన కాగితం ఎప్పటికైనా నిప్పులోకే వెళ్ళాలన్నారు."

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ముడి విప్పాను. మొదటి పేజీ మీద ఒక ఎర్ర పెన్సిలు. చెక్కనే లేదు, కొత్తది. దాని కింద చిన్న చీటీ, నా పేరు మీద: 'తప్పున్న చోట గీత. బాగున్న చోట సున్న. మొహమాటం వద్దు.' పుస్తకం నాకిచ్చిన రోజునే ఆయన దాన్ని లోపల పెట్టారు. నేను తిరిగిచ్చాక విప్పి చూసుకునే ఉంటారు. పెన్సిలు పెట్టినచోటే, పెట్టినట్టే ఉండటం చూసి, మళ్ళీ అలాగే కట్టేశారు. ఆ మరుసటి వారం ఉల్లికాడలు తెచ్చిచ్చారు.

సిగ్గుతో ఒళ్ళు కాలిపోతుందంటారే, అది ఉత్తి మాట కాదని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం దాకా కదలకుండా చదివాను. మా ఆవిడ అన్నం కంచం తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. వంద పేజీలు దాటవు. ఇంగ్లీషు సాదాగా, శుభ్రంగా ఉంది. ఎవరు కట్టారు, ఏ వరదలో బడి గోడ కూలింది, ఎవరు మళ్ళీ లేపారు, పాత పరీక్షలు రద్దయ్యాక ఆ వంతెన దాటడానికి ఎవరికీ అర్హత లేకుండా పోతే పిల్లలు దానిమీద కూర్చుని ఎలా చేపలు పట్టారు, సైనికులు గుర్రాలు కట్టేసిన ఏడాది, ధాన్యం గిడ్డంగిగా మారిన ఏడాది, మళ్ళీ బడి అయిన రోజు. మా అమ్మాయి షార్పెనర్‌తో పెన్సిలు చెక్కి, బాగున్న వాక్యాల పక్కన సున్నలు చుడుతూ పోయాను. నాలుగైదు గీతలు కూడా పెట్టాను. ఆయనకి చూపిద్దామన్నంత ఉత్సాహం వచ్చింది. ఆయన లేరని మధ్యలో గుర్తొచ్చేది.

పదో అధ్యాయం దగ్గర చెయ్యి ఆగిపోయింది. సాంస్కృతిక విప్లవం నాటి సంగతి. మాస్టారికి ఇరవై ఏళ్ళు. తను చదువుకున్న ఆ బడిలోనే కొత్తగా పంతులుగా చేరారు. గుళ్ళని, పాత పుస్తకాలని నాశనం చెయ్యడానికి గుంపులు తిరుగుతున్నాయని విని, ఆయన గురువుగారు పేర్ల పలకల్ని, చేతిరాత పుస్తకాల్ని ధాన్యపు గది వెనక గోడలో దాచారు. మోసుకెళ్ళడానికి సాయం చేసింది మాస్టారే. ఇంకెవరికీ తెలియదు. మూడో రోజున గుంపు వచ్చింది. మాస్టారు ఇలా రాశారు: 'వాళ్ళు నన్ను కొట్టలేదు. ఒక్కసారి అడిగారు. నేను చెప్పేశాను.'

పుస్తకాలన్నీ వాకిట్లో తగలబెట్టారు. కాగితాల పొయ్యి పది అడుగుల దూరంలోనే ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు. గురువుగారి మెడలో నేరం రాసిన అట్ట కట్టి ఏళ్ళ తరబడి అదే వాకిలి ఊడిపించారు. ఆయన మాస్టారిని చూసినప్పుడల్లా ఎప్పటిలాగే తల వంచి పలకరించేవారట. తిన్నావా అని అడిగేవారట. 'ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. క్షమించమని అడగాలంటే ముందు ఒప్పుకోవాలి. ఆయన బతికి ఉండగా నాకు ఆ ధైర్యం చాలలేదు.' తర్వాత ఎన్నో ఏళ్ళకి గుడిని మళ్ళీ కట్టారు. మాస్టారు న్యూజిలాండ్ నుంచి వెళ్ళి, టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి చూశారు. కొత్త పలకలు, కొత్త రంగులు. ఎక్కడా ఏదీ విరిగిన గుర్తు లేదు. అందుకే ఈ పుస్తకం రాస్తున్నానన్నారు.

ఆ మనిషి తన జీవితంలో తప్పు అనుకున్నది ఒక్కటి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి, దిద్దమని నా చేతికిచ్చారు. ఒక్క తప్పూ లేదని నేను అన్నాను. 'ఒక్కటీ లేదా' అని రెండోసారి ఎందుకు అడిగారో అప్పుడర్థమైంది.

ఆ పేజీలో గీత పెట్టే అర్హత నాకు లేదు. సున్న చుట్టే ధైర్యమూ లేదు. పేజీ తిప్పేశాను. అలా ఆయన అసలు రాయాలనుకున్న పేజీ ఏ గుర్తూ లేకుండా మిగిలిపోయింది.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మొత్తం విని, "ఇప్పుడే వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పేయండి. పుస్తకం పెట్టెలో పెట్టనివ్వకండి" అంది.

"ఇప్పుడు చదివేశాను కదా."

"ఆయన ఉన్నప్పుడు కదండీ చదవాల్సింది."

ఆదివారమంతా ఇంట్లోనే ఉన్నాను. పక్కింటికి ఇరవై అడుగులు. ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. తీస్తే ఎందుకు తీశానో చెప్పాలి.

సోమవారం నేను బ్రహ్మాండంగా మాట్లాడాను. అర్ధచంద్రం చెరువు, వంతెన, కాగితాల పొయ్యి, పేదపిల్లల బడి అన్నీ వర్ణించాను. పదో అధ్యాయం జోలికి పోలేదు. ఆయన నడక స్నేహితుడు, డెయిరీ ఫారం అమ్ముకుని రిటైరైన ఒక కివీ పెద్దాయన, నా చెయ్యి పట్టుకుని, అంత శ్రద్ధగా చదివే స్నేహితుడు దొరకడం అదృష్టం అన్నాడు. మూట నేనే కట్టి తెచ్చాను. ఆయన ముడి నాకు రాలేదు. బూటులేసు ముడి వేశాను. వాళ్ళమ్మాయి దాన్ని తీసుకుని తండ్రి చేతుల కింద పెట్టింది. నన్ను చూసి తల వంచింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. పెట్టె మూసేశారు. దహనానికి లోపలికి పంపే ముందు తెర వాలింది. వెళ్ళి ఆపండి అనడానికి అప్పుడు కూడా ఒక నిమిషం ఉంది. ఇంటికొచ్చాక చూసుకుంటే ఎర్ర పెన్సిలు నా చొక్కా జేబులోనే ఉండిపోయింది.

మూడు వారాలు ఆ పెన్సిలు జేబు మారుతూ నాతోనే తిరిగింది. నాలుగో వారం, శనివారం, వాళ్ళమ్మాయి ఉల్లికాడలకి నీళ్ళు పోస్తుంటే కంచె దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. చదవలేదని, చదివానన్నానని, పెన్సిలు సంగతి, పదో అధ్యాయం కూడా. ఆవిడ ఏడ్చింది. తండ్రి గురించో, నా గురించో, కాలిపోయిన పుస్తకం గురించో నాకు తెలియదు. క్షమాపణ అడిగాను. ఆవిడ క్షమించాననలేదు, నీళ్ళ డబ్బా కింద పెట్టి ఇంకో సంగతి చెప్పింది.

"మీరు మూట తిరిగిచ్చిన రోజు, ముడి మీద కుంకుమ నేనూ చూశాను. పక్కింటాయన నిజంగా చదివారా నాన్నా అని అడిగాను. చదివాడు అన్నారు. నాకు నమ్మకం కలగక ఆసుపత్రిలో మళ్ళీ అడిగాను. చదివాడనే అన్నారు."

ఒక్కసారి అడిగితే గురువుగారి రహస్యం చెప్పేసిన మనిషి, కన్నకూతురు రెండుసార్లు అడిగినా నా రహస్యం చెప్పలేదు. పుస్తకం ఇంకొకరి చేతిలో పడితే నేను చదవలేదని బయటపడేది, అందుకోసం నాలుగేళ్ళ రాతని తనతో పాటు తీసుకెళ్ళిపోయారు. నాకు ఆయన చేసిన ఉపకారం ఇది. దీన్ని మోయడం నాకు చాలా బరువుగా ఉంది.

గుర్తున్నంతవరకూ రాసివ్వండి అందావిడ. తను అడిగింది అదొక్కటే. పదో అధ్యాయం సంగతి ఇక్కడ రాయడం కూడా ఆవిడ ఒప్పుకున్నాకే. నాన్న దాచుకోవాలనుకోలేదు, అంది.

రెండు నెలలుగా రాస్తున్నాను. ఒక్కసారి, ఒక్క రోజులో, భయంతో చదివింది ఎంత గుర్తుంటుంది? పోయిన ఆదివారం మొదటి అధ్యాయం పూర్తి చేసి, పైన ఎర్ర పెన్సిలు పెట్టి, రెండు చేతులతో ఆవిడకి ఇచ్చాను. నాన్న రాసింది చదవకపోయినా ఆ గుడి కథలు వింటూ పెరిగిన పిల్ల. దిద్దమని అడిగాను, మొహమాటం వద్దన్నాను.

ఈ ఉదయం కాగితాలు కంచె మీద, ఎగిరిపోకుండా ఒక కమలాపండు బరువు పెట్టి ఉన్నాయి. పొగమంచుకి అంచులు చెమ్మగిల్లాయి. అక్కడే నిలబడి తిరగేశాను. వంతెనకి ఎన్ని కమానులో తప్పు రాశాను. చెరువు ఏ దిక్కున ఉందో తప్పు. గురువుగారి గది ఏ వైపో తప్పు. పక్కనే ఉన్న పెన్సిలు సగం అరిగిపోయింది. ఎర్ర గీతలే గీతలు, ఒక్క సున్న లేదు. గుర్తు లేని పేజీ మాత్రం ఒక్కటీ లేదు.